ఫోన్‌లోని ఫైలు కదలనంటే: అడ్డు ఎక్కడుందో కనిపెట్టి ముందుకు వెళ్లే పద్ధతి

ఫోన్‌లోని ఫైలు కంప్యూటర్‌కో, మరో ఫోన్‌కో, మెమరీ కార్డుకో వెళ్లకుండా మొండికేస్తే చాలామంది ముందు కేబుల్ ఊడదీసి మళ్లీ పెడతారు, తర్వాత ఫోన్‌ను రీస్టార్ట్ చేస్తారు, అప్పటికీ పని జరగకపోతే ప్లే స్టోర్‌లో కనిపించిన ఫైల్ మేనేజర్‌నల్లా దించుకుని అది అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తారు. మొదటి రెండూ హాని లేనివి. మూడోది చేసే ముందు ఫైలును ఆపుతున్నది ఎవరో తెలుసుకోవడం మంచిది. కొన్ని అడ్డంకులు కేబుల్‌కో, కార్డుకో ఉన్న పరిమితులు, వాటిని దాటవచ్చు. కొన్ని మీ సొమ్మును, ఫొటోలను కాపాడటానికి కావాలని పెట్టిన కట్టుబాట్లు. వాటిని దాటకుండా వేరే దారి చూసుకోవాలి. మరికొన్నిటిలో ఫోన్ మీదే అయినా ఫైలు మీది కాదు. వాటిని వదిలేయడమే సబబు. ఏది ఏ కోవకు చెందుతుందో కింద వరుసగా వివరిస్తాను.

కేబుల్, తాళం, అనుమతి

మొట్టమొదట కేబుల్‌నే అనుమానించాలి. చవక చార్జర్లతోను, పవర్ బ్యాంకులతోను వచ్చే కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ చక్కగా చార్జ్ అవుతూ ఉండగా కంప్యూటర్‌లో మాత్రం ఏ అలికిడీ లేకపోతే, ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్‌ను పెట్టి చూడండి. కేబుల్ మంచిదే అయినా వేగం వేరే విషయం. ఐఫోన్ 15, 15 ప్లస్ మోడళ్లకు టైప్‌-సీ రంధ్రం ఉన్నా లోపల పనిచేసేది పాత యూఎస్‌బీ 2 వేగమే, అంటే సెకనుకు గరిష్ఠంగా 480 మెగాబిట్లు. ఆచరణలో సెకనుకు 35 మెగాబైట్లు వస్తాయనుకుంటే 64 జీబీ ఫొటోలు, వీడియోలు కదలడానికి అరగంట పడుతుంది. మధ్యలో ఫోన్ ఆగిపోయిందనుకుని కేబుల్ లాగేయకండి.

కేబుల్ సరైనదే అయినా ఆండ్రాయిడ్ ఫోన్ మొదట కంప్యూటర్‌కు ఏమీ చూపించదు. ఆండ్రాయిడ్ 6 నుంచి యూఎస్‌బీ తగిలించగానే ఫోన్ ‘చార్జింగ్ మాత్రమే’ అనే స్థితిలోకి వెళ్తుంది. ఫోన్ తాళం తీసి, తెరను పైనుంచి కిందికి లాగితే కనిపించే యూఎస్‌బీ నోటిఫికేషన్‌ను నొక్కి, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. ప్రతిసారీ ఈ తంతు విసుగనిపించి, యాప్‌లు తయారుచేసేవారి కోసం పెట్టిన డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి దాన్నే శాశ్వతంగా పెట్టుకునేవారు ఉన్నారు. అది నేను చెప్పను. డెవలపర్ ఆప్షన్లు, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి ఉంటే మన దేశంలో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవడానికే నిరాకరిస్తాయి. ఆ తర్వాత యాప్ ఎందుకు పనిచేయడం లేదో తెలియక బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఈ కట్టుబాటు ఎందుకంటే, యూఎస్‌బీ రంధ్రం కరెంటుకూ సమాచారానికీ ఒకే ద్వారం. 2011లో అమెరికాలోని లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సమావేశంలో కొందరు భద్రతా నిపుణులు ఒక ఉచిత చార్జింగ్ బూత్ పెట్టి, అక్కడ ఫోన్ తగిలించినవారికి తెర మీద హెచ్చరిక చూపించారు: ఇది దొంగల బూత్ అయి ఉంటే మీ సమాచారం ఈపాటికి పోయి ఉండేది, అని. ఇలా చార్జింగ్ మిషతో సమాచారం దొంగిలించడానికి అప్పటినుంచే ‘జ్యూస్ జాకింగ్’ అనే పేరు స్థిరపడింది. మన రిజర్వ్ బ్యాంకు కూడా 2022లో విడుదల చేసిన మోసాల పుస్తకంలో దీన్ని ప్రస్తావించింది. బస్టాండులో, రైల్వే ప్లాట్‌ఫారంపై ఉన్న చార్జింగ్ పాయింటుకు ఫోన్ తగిలించినప్పుడు తెర మీద ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ గురించో, ‘ఈ కంప్యూటర్‌ను నమ్మాలా’ అనో ప్రశ్న వస్తే అక్కడ అనుమానించాల్సిందే; చార్జర్‌కు అలాంటి ప్రశ్నతో పని లేదు.

ఐఫోన్‌లో ఈ కాపలా ఇంకా గట్టిది. కొత్త కంప్యూటర్‌కు తగిలించగానే ‘ట్రస్ట్’ అని అడుగుతుంది, నొక్కాక పాస్‌కోడ్ కూడా కొట్టమంటుంది. పొరపాటున ‘డోంట్ ట్రస్ట్’ నొక్కినవారు కేబుల్ తీసి మళ్లీ పెడితే ప్రశ్న తిరిగి వస్తుంది. 2018లో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.4.1 నుంచి, తాళం వేసి గంట దాటిన ఫోన్ కేబుల్ ద్వారా డేటా ఇవ్వడం మానేస్తుంది, చార్జింగ్ మాత్రం తీసుకుంటుంది. దొంగిలించిన ఫోన్‌ను ప్రత్యేక యంత్రాలకు తగిలించి పాస్‌కోడ్ ఛేదించడాన్ని ఆపడానికి పెట్టిన ఏర్పాటిది. కాబట్టి ఐఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టే ముందే తాళం తీయండి, కాపీ పూర్తయ్యేవరకు తెర ఆరిపోకుండా చూసుకోండి.

కంప్యూటర్‌లో ఫోన్ పెన్‌డ్రైవ్‌లా ఎందుకు పనిచేయదు

పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కు పెడితే అచ్చం పెన్‌డ్రైవ్‌లాగే, డ్రైవ్ అక్షరంతో సహా కనిపించేవి. ఆ పద్ధతిలో ఫోన్ తన నిల్వను పూర్తిగా కంప్యూటర్ చేతికి అప్పగించేది. అప్పగించినంతసేపు ఫోన్‌లోని కెమెరాకూ, గ్యాలరీకీ, ఆ నిల్వలో ఉన్న యాప్‌లకూ అది అందేది కాదు. కేబుల్ హఠాత్తుగా లాగితే కార్డు మొత్తం పాడయ్యే ప్రమాదమూ ఉండేది. పైగా ఈ ఏర్పాటు కోసం ఫోన్ జ్ఞాపకశక్తిని యాప్‌లకు ఒక ముక్క, ఫొటోలకు ఒక ముక్కగా ముందే కోసి పెట్టేవారు. అందువల్ల ఫొటోల వైపు ఎంతో ఖాళీ ఉన్నా ‘స్థలం లేదు, యాప్ ఎక్కదు’ అనే మాట వినాల్సి వచ్చేది.

2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3, 4 వెర్షన్లతో ఈ గోడ తీసేసి, ఎంటీపీ అనే పద్ధతికి మారారు. పాతది సూపర్ బజారయితే ఇది కిరాణా కొట్టు: మీరు లోపలికి వెళ్లి అరలు తడమలేరు, బల్ల దగ్గర నిలబడి ఫలానాది కావాలంటే కొట్టువాడే తెచ్చి ఇస్తాడు, ఒకటి ఇచ్చాకే రెండోది. ఎంటీపీలో ఎదురయ్యే చికాకులన్నీ ఇందులోనుంచి వచ్చినవే. ఫోన్‌లో ఉన్న వర్డ్ ఫైలును కంప్యూటర్ నుంచి నేరుగా దిద్ది అక్కడే భద్రపరచలేరు. ముందు కాపీ చేసుకుని, దిద్ది, మళ్లీ ఫోన్‌లోకి పంపాలి. వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే ఆకుపచ్చ గీత నత్తనడక నడుస్తుంది. ఒక కాపీ జరుగుతుండగా రెండోది మొదలుపెడితే రెండూ నిలిచిపోవచ్చు. ఇప్పుడే తీసిన ఫొటో కంప్యూటర్‌లో కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఫోన్ తన జాబితాలో ఇంకా దాన్ని ఎక్కించలేదు. కేబుల్ తీసి ఫోన్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే కనిపిస్తుంది.

పెద్ద మొత్తంలో తీయాలనుకుంటే ఫోల్డర్ వెంట ఫోల్డర్, ఒకసారికి ఒక్కటే కాపీ పెట్టండి. మీ ఫోన్‌లోని ఫైల్ మేనేజర్‌కు జిప్ చేసే వీలుంటే, వేలకొద్దీ చిన్న ఫైళ్లను ముందు ఒక జిప్‌గా కట్టి ఆ ఒక్కదాన్నే పంపడం ఎంతో వేగంగా జరుగుతుంది. ‘కట్’ చేసి ‘పేస్ట్’ చేయడం ఎంత మాత్రం వద్దు. మధ్యలో తెగితే ఏ ఫైలు ఇటు చేరిందో, ఏది అటు మిగిలిందో తేల్చుకోవడం తలనొప్పి. మాక్ కంప్యూటర్లకు ఎంటీపీ భాష పుట్టుకతో రాదు కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్ తగిలించినా ఫైళ్లను చూపే ఫైండర్‌లో ఏదీ కనిపించదు. ఓపెన్‌ఎంటీపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరిపోతుంది.

ఐఫోన్ నుంచి ఫొటోలు తీసేటప్పుడు

విండోస్ కంప్యూటర్‌కు ఐఫోన్‌ను తగిలిస్తే అది ఒక డిజిటల్ కెమెరా వేషంలో కనిపిస్తుంది. డీసీఐఎం అనే ఫోల్డర్, దాని లోపల ఫొటోలు, వీడియోలు, అంతే. పాటలు, పీడీఎఫ్‌లు, వాట్సాప్ డాక్యుమెంట్లు ఆ ద్వారంలో రావు. వాటికోసం ఐఫోన్‌లోని ఫైల్స్ యాప్ వాడాలి; ఐఓఎస్ 13 నుంచి అందులోనే పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ కూడా తెరుచుకుంటాయి. ఒక్కో యాప్ తన ఫైళ్లను తన గదిలోనే ఉంచుకోవాలన్నది ఆపిల్ మొదటి ఐఫోన్ల కాలం నుంచి పట్టుకున్న నియమం. ఆండ్రాయిడ్ ఆ దారికి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది.

డీసీఐఎం నుంచి కాపీ చేస్తుండగా సగంలో ‘కంప్యూటర్‌కు జోడించిన పరికరం పనిచేయడం లేదు’ అనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోవడం ఎంతోమందికి అనుభవమే. పరికరానికి ఏ జబ్బూ లేదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫొటోలను హెచ్‌ఈఐసీ రూపంలో, వీడియోలను హెచ్‌ఈవీసీ రూపంలో దాస్తుంది. వాటికి స్థలం తక్కువ పడుతుంది. కంప్యూటర్‌కు ఇచ్చేటప్పుడు వాటిని అప్పటికప్పుడు పాత జేపీజీ రూపంలోకి మార్చి ఇవ్వబోయి ఫోన్ తడబడుతుంది. సెట్టింగ్స్‌లో ‘ఫొటోస్’ (ఐఓఎస్ 18 నుంచి ‘యాప్స్’ కింద ఉంటుంది) తెరిచి, అడుగున ‘ట్రాన్స్‌ఫర్ టు మాక్ ఆర్ పీసీ’ కింద ‘ఆటోమేటిక్’ బదులు ‘కీప్ ఒరిజినల్స్’ ఎంచుకుంటే ఆ బాధ తీరుతుంది. అయితే అలా వచ్చిన హెచ్‌ఈఐసీ ఫొటోలు తెరుచుకోవాలంటే విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి ‘హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్’ వేసుకోవాలి. ఊళ్లోని ఫొటో స్టూడియోకు ప్రింటింగ్ కోసం ఇచ్చేటట్లయితే మాత్రం ముందే జేపీజీకి మార్చి తీసుకెళ్లడం మేలు.

మరో తికమక ఉంది. ఫోన్‌లో ఏళ్ల తరబడి ఫొటోలు కళ్లెదుట కనిపిస్తుంటాయి, కంప్యూటర్‌లో మాత్రం కొన్నే వస్తాయి. ఐక్లౌడ్‌లో ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ ఆన్ అయి ఉంటే అసలు ఫొటోలు ఆపిల్ సర్వర్లలో ఉంటాయి, ఫోన్‌లో ఉండేవి చిన్న నమూనాలే. లేనిదాన్ని కేబుల్ ఎలా తెస్తుంది? ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి దించుకోవాలి, లేదా ఫోన్‌లో చాలినంత ఖాళీ ఉంటే ‘డౌన్‌లోడ్ అండ్ కీప్ ఒరిజినల్స్’ పెట్టి అవన్నీ దిగాక కాపీ చేసుకోవాలి.

యాప్‌ల ఫోల్డర్లకు తాళం ఎందుకు పడింది

ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు ‘స్టోరేజ్’ అనుమతి ఒక్కటి ఇస్తే చాలు, ఆ యాప్ ఫోన్‌లోని ఉమ్మడి నిల్వనంతా చదవగలిగేది. టార్చిలైట్ యాప్‌కు మీ ఆధార్ స్కాన్, పిల్లల ఫొటోలు, మరో యాప్ దాచుకున్న ఫైళ్లు అన్నీ అందేవి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 ఈ పరిస్థితిని మార్చే ‘స్కోప్డ్ స్టోరేజ్’ను ప్రవేశపెట్టగా, 2020 నాటి ఆండ్రాయిడ్ 11 దాన్ని కొత్త యాప్‌లకు తప్పనిసరి చేసింది. ఇప్పుడు ఏ యాప్‌కైనా తన గది, దానితో పాటు మీరు చూపించిన ఫొటోలు, ఫైళ్లు మాత్రమే అందుతాయి. ఫైల్ మేనేజర్, బ్యాకప్, యాంటీవైరస్ వంటి యాప్‌లు మాత్రం ‘ఆల్ ఫైల్స్ యాక్సెస్’ అనే ప్రత్యేక అనుమతి అడగవచ్చు. అది కూడా ఎందుకు కావాలో గూగుల్‌కు సంజాయిషీ చెప్పుకున్నాకే ప్లే స్టోర్‌లో నిలుస్తాయి. అందుకే ఒక కాలిక్యులేటరో, వాల్‌పేపర్ యాపో ఆ అనుమతి అడిగితే మరో ఆలోచన లేకుండా తీసేయాలి.

ఆ అనుమతి ఇచ్చినా తెరుచుకోని చోట్లు ‘ఆండ్రాయిడ్’ ఫోల్డర్ లోపలి ‘డేటా’, ‘ఓబీబీ’. ఆటల పెద్ద ఫైళ్లను స్నేహితుల ఫోన్ల నుంచి కాపీ చేసుకునే అలవాటు ఉన్నవారికి ఈ మార్పు బాగా కోపం తెప్పించింది. యాప్ నుంచి మీ ఫైలు కావలసి ఉంటే ముందు ఆ యాప్‌లోనే ‘ఎక్స్‌పోర్ట్’, ‘సేవ్ టు డౌన్‌లోడ్స్’, ‘షేర్’ అన్నవాటిని వెతకండి, అదే రాజమార్గం. అది లేకపోతే ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూడండి, చాలా ఫోన్లలో ఆ ఫోల్డర్లు అక్కడ కనిపిస్తాయి. యాప్‌కు మూసిన తలుపు కంప్యూటర్‌కు ఎందుకు తెరుచుకుందంటే, అక్కడ తాళం తీసి, కేబుల్ పెట్టి, అనుమతి ఇచ్చిన మనిషి మీరే కాబట్టి.

ఈ మార్పుతో పుట్టిన ఒక గాభరా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దవాళ్ల ఫోన్లలో ఉన్న వాట్సాప్ ఫొటోలను భద్రపరచబోయి, ఫోన్‌లోని ‘వాట్సాప్’ ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా కనిపించి, అన్నీ పోయాయని కంగారుపడేవారు చాలామంది. 2021లో వాట్సాప్ తన సరంజామా అంతటినీ కొత్త చోటికి తరలించింది. ఇప్పుడు ఇంటర్నల్ స్టోరేజ్‌లో ‘ఆండ్రాయిడ్’, దానిలో ‘మీడియా’, దానిలో ‘కామ్.వాట్సాప్’, దానిలో ‘వాట్సాప్’, మళ్లీ దానిలో ‘మీడియా’ వరకు దిగితే ఇమేజెస్, వీడియో, డాక్యుమెంట్స్ అంటూ విడివిడిగా ఫోల్డర్లు ఉంటాయి. మీరు పంపినవి ఒక్కోదానిలోని ‘సెంట్’ అనే ఉపఫోల్డర్‌లో ఉంటాయి. వాట్సాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసే ముందే ఈ ఫోల్డర్‌ను కంప్యూటర్‌కు కాపీ చేసి పెట్టుకోండి.

మెమరీ కార్డు పరిమితి, తెలుగు పేర్ల చిక్కు

కార్డులో 20 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కనంటుంటే ఆ కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉన్నట్టే. ఆ పద్ధతిలో ఫైలు పరిమాణాన్ని రాసుకోవడానికి కేటాయించిన స్థలం 32 బిట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. అంతకు మించిన ఫైలు ఎంత ఖాళీ ఉన్నా ఇమడదు. ఐఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ తింటుంది, కాబట్టి ఆపకుండా 24 నిమిషాలు తీస్తే ఈ గీత దగ్గరికి వచ్చేస్తారు. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల వరకు ఒకే బిగిన తీసిన వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోవడానికి కారణం ఇదే. కార్డులో ఉన్నదంతా ముందు వేరేచోట కాపీ చేసుకుని, కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ చేస్తే పరిమితి తొలగిపోతుంది. 32 జీబీకి పైబడిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌తోనే వస్తాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎంచుకోవద్దు, చాలా ఫోన్లు దాన్ని చదవలేవు.

పరిమాణం చిన్నదే అయినా ఫైలు వెళ్లకపోతే దాని పేరును చూడండి. ప్రశ్నార్థకం, నిలువు గీత, నక్షత్రం, రెండు చుక్కలు వంటి గుర్తులను విండోస్ గానీ, ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ కార్డులు గానీ పేర్లలో ఒప్పుకోవు. పాటకు ‘ఎవరివో?’ అని పేరు పెడితే ఆ ప్రశ్నార్థకమే దాన్ని గుమ్మంలో నిలబెడుతుంది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ లోపలి నిల్వలో ఫైలు పేరుకు 255 బైట్లు మించకూడదు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు కావాలి. అందులో గుణింతపు గుర్తు వేరు, పొల్లు వేరు, ఒత్తు కోసం మరో హల్లు వేరు. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’లో నాలుగు గుర్తులున్నాయి, అంటే 12 బైట్లు. ‘పెళ్లిపత్రిక’ అంటే కంటికి ఐదు అక్షరాలు, లెక్కకు 12 గుర్తులు, ఫోన్‌కు 36 బైట్లు. ఈ లెక్కన పేరులో 85 గుర్తులకు మించి పట్టవు. విండోస్ మాత్రం బైట్లు చూడకుండా 255 గుర్తుల వరకు ఒప్పుకుంటుంది. కంప్యూటర్‌లో ఏ గొడవా లేకుండా ఉన్న ‘శ్రీ వేంకటేశ్వర స్వామివారి బ్రహ్మోత్సవాల...’ తరహా పొడుగాటి పేరు ఫోన్‌లోకి వెళ్లేటప్పుడు అర్థం కాని లోపం చూపించడానికి కారణం ఇది. పేరు కుదించండి, అంతే. తెలుగులో పేర్లు పెట్టుకోవడం మానాల్సిన అవసరమేమీ లేదు.

ఒక ఫోన్‌లోని కార్డు ఇంకో ఫోన్‌లో పెడితే ‘పాడైంది, ఫార్మాట్ చేయండి’ అని అడిగిందంటే వెంటనే సరేననకండి. ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లలో కార్డును లోపలి నిల్వలో భాగంగా కలుపుకునే వీలుంది. అలా కలిపిన కార్డును ఆ ఫోన్ తన తాళంతో గుప్తీకరిస్తుంది. మరెక్కడా అది తెరుచుకోదు. దాన్ని తిరిగి పాత ఫోన్‌లోనే పెట్టి కేబుల్ ద్వారా ఫైళ్లు తీసుకోవాలి.

ఫోన్ నుంచి ఫోన్‌కు

బ్లూటూత్ చిన్న ఫైళ్లకు సరిపోతుంది. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున 1 జీబీ వెళ్లడానికి గంటకు పైగా పడుతుంది. అదీగాక ఐఫోన్ బ్లూటూత్ ద్వారా ఆండ్రాయిడ్‌కు ఫైళ్లు పంపదు, తీసుకోదు. రెండు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య క్విక్ షేర్, రెండు ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్ వాడాలి. ఇవి పక్కనున్న ఫోన్‌ను బ్లూటూత్‌తో వెతికి, ఫైలును మాత్రం వైఫైతో నేరుగా పంపుతాయి, ఇంటర్నెట్ ఖర్చు కాదు. విండోస్ కంప్యూటర్లకూ క్విక్ షేర్ ఉంది. ఎదుటి ఫోన్ కనిపించకపోతే, ‘ఎవరీవన్’ అన్న ఎంపిక పది నిమిషాలకే ఆఫ్ అయిపోయిందేమో చూడండి. రైల్లోనో, సినిమా హాల్లోనో అపరిచితులు అసభ్యమైన బొమ్మలు పంపే ఆస్కారం లేకుండా ఈ గడువు పెట్టారు. ఆపిల్ దీన్ని 2022 నవంబరులో మొదట చైనాలో, డిసెంబరులో ఐఓఎస్ 16.2తో మిగతా దేశాల్లో అమలు చేసింది.

డాలస్ నుంచో, మెల్‌బోర్న్ నుంచో సెలవుల్లో వచ్చిన పిల్లల దగ్గర ఐఫోన్, ఇంట్లో పెద్దల దగ్గర ఆండ్రాయిడ్ ఉండటం మన ఇళ్లలో మామూలే. ఈ రెండింటినీ కలిపే ప్రయత్నాలు ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. 2025 నవంబరులో గూగుల్ తన పిక్సెల్ 10 ఫోన్ల క్విక్ షేర్‌ను ఎయిర్‌డ్రాప్‌తో కలిపింది. మిగతావారికి గూగుల్ ఫొటోస్‌లో ఉమ్మడి ఆల్బం తెరవడమో, డ్రైవ్ లింకు పంపడమో తేలిక. గూగుల్ ఖాతాకు 15 జీబీ ఉచితంగా వస్తుంది. షేర్‌ఇట్, జెండర్ వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2020 జూన్ 29న కేంద్రం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ, ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఉన్నాయి. ఆ పేర్లతో ఎక్కడెక్కడి నుంచో దొరికే నకలు ఫైళ్లను నమ్మలేం.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది నాణ్యతను తగ్గించి పంపుతుంది. అసలు ఫొటో అలాగే చేరాలంటే అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపండి, 2022 నుంచి ఒక్కో ఫైలు 2 జీబీ వరకు వెళ్తుంది. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ, కానీ మెయిల్‌లో పంపడానికి ఫైలును అక్షరాలుగా మార్చేటప్పుడు అది దాదాపు మూడోవంతు పెరుగుతుంది. అందువల్ల 20 ఎంబీ దగ్గరికి వచ్చే ఫైలును నేరుగా డ్రైవ్ లింకుగానే పంపండి.

దాటకూడని అడ్డంకులు

ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలును జీమెయిల్ అసలు పంపనివ్వదు, జిప్‌లో దాచినా పట్టుకుంటుంది. వాట్సాప్‌లో ఆ అడ్డు లేదు, దొంగలకు అదే అదను. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లు పెట్టి ఏపీకే ఫైళ్లు పంపి, ఇన్‌స్టాల్ చేసినవారి ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు చదివి ఖాతాలు ఊడ్చేస్తున్నారని తెలుగు రాష్ట్రాల పోలీసులు పదే పదే హెచ్చరించారు. శుభలేఖ ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, అది బంధువు నంబరు నుంచి వచ్చినా సరే, ఎందుకంటే ఆ బంధువు ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటినుంచి వేసిన యాప్‌లకు యాక్సెసబిలిటీ వంటి కీలకమైన అనుమతులు తేలిగ్గా దక్కకుండా ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్’ పెట్టారు. ఫోన్‌లో మాట్లాడుతూ ఆ అడ్డును ఎలా తీయాలో ఎవరైనా చెబుతుంటే వెంటనే కాల్ పెట్టేయండి. ఇప్పటికే నొక్కేసి ఉంటే డేటా, వైఫై ఆపి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఓటీటీ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ చేసుకున్న సినిమా గ్యాలరీలో కనిపించదు, కాపీ చేసినా మరెక్కడా ఆడదు. ఆ ఫైలు గుప్తీకరించి ఉంటుంది, తాళంచెవి ఆ యాప్‌కూ ఆ పరికరానికీ ముడిపడి ఉంటుంది, గడువు తీరితే అదీ చెల్లదు. మీరు కట్టిన చందా చూడటానికే గాని కొనుక్కోవడానికి కాదు. డబ్బు పెట్టి కొన్న పుస్తకాల విషయంలోనూ పట్టు బిగుస్తోంది. కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌కు దించుకుని కేబుల్‌తో పంపుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది. ఇది నాకు నచ్చిన మార్పు కాదు. అయినా తాళాలు పగలగొట్టే సాఫ్ట్‌వేర్‌ను సిఫారసు చేయను. సొంతంగా దాచుకోవాలనుకునే పుస్తకాలను తాళం లేకుండా అమ్మేచోట కొనుక్కోవడమే దారి.

మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో పనిచేసేవారికి ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ పనిచేయకపోవడం కొత్త కాదు; ఫోన్‌లోనూ అంతే. ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే కంపెనీ ‘వర్క్ ప్రొఫైల్’ వేసుకున్నాక బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌లలోని ఫైలు సొంత వాట్సాప్‌కు వెళ్లదు. కంపెనీ మొత్తంగా నిర్వహించే ఫోనయితే కేబుల్ కాపీ కూడా పనిచేయకపోవచ్చు. ఖాతాదారుల సమాచారం బయటికి పొక్కితే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు. ఇలాంటిచోట తెరను రెండో ఫోన్‌తో ఫొటో తీయడం ఉద్యోగానికే ఎసరు పెడుతుంది. ఐటీ విభాగానికి టికెట్ పెట్టి అడగండి.

కాపీ అయ్యాక

ఫోన్‌లోనివి చెరిపేసే ముందు రెండుచోట్లా ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ‘ప్రాపర్టీస్’లో ఫైళ్ల సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని పోల్చండి. ఫోన్ వైపు ఒకటి రెండు ఎక్కువ కనిపిస్తే కంగారు వద్దు, ‘.నోమీడియా’ వంటి దాగి ఉండే ఫైళ్లు ఆ లెక్కలో చేరి ఉండవచ్చు. సున్నా పరిమాణం ఉన్న ఫైళ్లున్నాయేమో పరిమాణం వారీగా అమర్చి చూడండి. సగంలో తెగిన కాపీలు అలా బయటపడతాయి. కాపీ అయిన ఫైళ్ల తేదీలు కొన్నిసార్లు ఆనాటి తేదీగా మారిపోతాయి గాని, ఫొటో తీసిన అసలు తేదీ సాధారణంగా ఫొటో లోపలే భద్రంగా ఉంటుంది. వాట్సాప్ ఫొటోలలో అది ఉండదు, వాటి పేరులోనే తేదీ ఉంటుంది, కాబట్టి వాటి పేర్లు మార్చకండి. అతి పెద్ద వీడియోలు రెండు మూడింటిని చివరి వరకు జరిపి ఆడించి చూసి, ఆ తర్వాతే ఫోన్‌లో చోటు ఖాళీ చేయండి.